ఉరుకు గాలం, నిదానపు గాలం

మొన్న ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో చానళ్ళు మారుస్తూ ఉంటే ఒక చోట నీళ్ళు కనబడి చెయ్యి ఆగింది. ఏదో విదేశంలోని సరస్సు. చిన్న పడవలో నిలబడిన ఒక పెద్దమనిషి, రబ్బరుతో చేసిన పురుగును గాలానికి తగిలించి విసురుతూ, బాస్ అనే చేపను ఎలా పట్టాలో చెబుతున్నాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది గానీ ఆయన మణికట్టు చెప్పింది మాత్రం పూర్తిగా అర్థమైంది. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు ఇలా అని రీలును ఉన్నదా లేదా అన్నట్టు మెల్లగా తిప్పాడు, వేడెక్కాక ఇలా అని గిరగిరా తిప్పాడు. ఆ కార్యక్రమం అయ్యేదాకా నేను కదలలేదు. మా కోడలు వంటింట్లోంచి వచ్చి, నేను చూస్తున్నదేమిటో చూసి, నవ్వుకుంటూ వెళ్ళింది. కరీంనగర్‌లో పుట్టి, చేపను కూరగిన్నెలో తప్ప చూడకుండా పెరిగిన అత్తగారికి ఈ గాలాల మీద ధ్యాస ఏమిటా అనుకుని ఉంటుంది. ఆమెకు చెప్పాలంటే బహ్రెయిన్ సంగతి చెప్పాలి, మా ఆయన చెయ్యి విరిగిన సంగతి చెప్పాలి. అంత కథ వినే తీరిక ఈ కాలపు పిల్లలకు లేదు గనుక, నా ఈడువాళ్ళయిన మీకు చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా ఆయన బహ్రెయిన్‌లో హిద్ అనే ఊరి దగ్గర ఓడలు బాగుచేసే ఒక యార్డులో క్రేన్ నడిపేవారు. మేము మహూజ్ అనే పేటలో ఒక పాత భవనంలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఊళ్ళో చుట్టాలు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మేము దుబాయిలోనే ఉన్నామనేవారు, చివరికి మేమూ సరిదిద్దడం మానుకున్నాం. నేను దగ్గరలోని ఒక చిన్నపిల్లల బడిలో పాటలు, అక్షరాలు నేర్పేదాన్ని. మా పై అంతస్తులో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆయన ఒక సామాన్ల దుకాణానికి పికప్ బండి నడిపేవారు, మేము భాయ్ అనేవాళ్ళం. ఆయన భార్యను నేను ఆపా అని పిలిచేదాన్ని. మా బాబు, వాళ్ళ పిల్లలు ఒకే బడికి వెళ్ళేవారు. ఆపా చేసే ఖట్టీ దాల్ మా ఇంటికి దిగేది, నేను చేసే సర్వపిండి వాళ్ళింటికి ఎక్కేది. పరాయి దేశంలో అంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

శుక్రవారం సెలవు. ఆ రోజు తెల్లవారగానే మా ఆయన, భాయ్ కలిసి పికప్‌లో హిద్ వైపు సముద్రం ఒడ్డున ఉన్న రాళ్ళకట్ట మీదికి చేపలకు పోయేవారు. ఇద్దరూ నిజమైన ఎర వాడేవారు కాదు. రొయ్య ముక్కలు గుచ్చితే చేతులు వాసన కొడతాయని మా ఆయన, బజారులో దొరికే నకిలీ ఎరలంటే మోజు పడి భాయ్. అయితే ఇద్దరి పద్ధతులకూ పొత్తు కుదిరేది కాదు. మా ఆయనది ఉరుకు గాలం. చెంచా ఆకారంలో ఉండే వెండి రంగు రేకును దూరంగా విసిరి, అది నీళ్ళ పైపైన మెరుస్తూ పరుగెత్తుకొచ్చేలా రీలు తిప్పేవారు. దాన్ని చూసి పారిపోతున్న చిన్నచేప అనుకుని, మన వంజరం జాతికి చెందిన కనద్ లాంటివి వెంటబడేవి. భాయ్‌ది నిదానపు గాలం. రబ్బరు రొయ్యను అడుగుదాకా దిగనిచ్చి, గాలం కర్ర కొసను కాస్త లేపి, సడలిన దారాన్ని చుట్టుకుని, మళ్ళీ ఊరుకునేవారు. రాళ్ళ సందుల్లో ఉండే హమూర్ చేప ఎవరినీ తరుముకుంటూ రాదు, తన ముందు పడిందే నోట్లో వేసుకుంటుంది అనేవారు ఆయన. ఇద్దరూ ఇంటికొచ్చాక మెట్ల దగ్గర నిలబడి, చేపలు ఎండిపోతున్నా పట్టించుకోకుండా ఇదే వాదన పెట్టుకునేవారు. మా ఆయనకు తొందర పుట్టుకతో వచ్చింది. తినడం తొందర, నడక తొందర, పద పద అనడానికి అరబ్బులు వాడే యల్లా అనే మాట ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఒక చలికాలం మొదట్లో, నీళ్ళు పెట్టి కడిగిన మా భవనం మెట్ల మీద ఆయన జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రేకు వేశారు. కట్టు విప్పిన తరువాత చెయ్యి అతికింది గానీ తిరగడం మానేసింది. అరచెయ్యి పైకి తిప్పమంటే సగంలో ఆగిపోయేది, తాళంచెవి తిప్పడానికి కూడా ఎడమ చెయ్యి కావలసి వచ్చేది. డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. యార్డువాళ్ళు కొంతకాలం స్టోరులో కూర్చోబెట్టారు, ఆ తరువాత పరీక్ష చేయించి క్రేన్ ఎక్కనివ్వాలో లేదో చెబుతామన్నారు. ఆయన మాట తగ్గిపోయింది. ఇంట్లో ఎవరు తలుపు గట్టిగా వేసినా విసుక్కునేవారు. శుక్రవారం వస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు.

అలా చాలా వారాలు గడిచాక ఒకనాడు భాయ్ కిందికి దిగి వచ్చారు. పిల్లల్ని ఆపా చూసుకుంటుంది, భాబీ కూడా, అంటే నేను కూడా రావాలి, ఊరికే గాలి పీల్చుకుని వద్దాం అన్నారు. నేను రావడం వల్ల కాదనలేక మా ఆయన బండెక్కారు. నేను ఆ రాళ్ళకట్ట చూడడం అదే మొదలు. ఒక పక్క దూరంగా ఓడరేవు క్రేన్లు, ఇంకో పక్క చదునుగా పరుచుకున్న నీలం నీళ్ళు. ఆయన ఆ క్రేన్ల వైపు వీపు పెట్టి కూర్చోవడం నేను గమనించాను.

భాయ్ గాలానికి రబ్బరు రొయ్య కట్టి మా ఆయన చేతికిచ్చారు. "ఇప్పుడు నీకు ఇదే మంచిగుంటది అన్నా. ఆహిస్తా తిప్పు, చేతికి నొప్పి కాదు."

మా ఆయన ఆ రొయ్యను విప్పేసి తన వెండి రేకు కట్టుకున్నారు. విసిరారు. తిప్పబోయారు. రెండు మూడు చుట్లు తిరిగేసరికి మణికట్టు పట్టేసి, కర్ర చేతిలోంచి జారి రాళ్ళ మీద పడింది. భాయ్ వంగి దాన్ని తీసి ఇవ్వబోతే ఆయన అందుకోలేదు.

"నీ పద్ధతి గెల్వాలంటే నా చెయ్యి విర్గాల్నా భాయ్?" అన్నారు.

అంతమాట పడ్డాక మరొకరైతే బండెక్కి వెళ్ళిపోయేవారు. భాయ్ కాసేపు కర్రను తుడుస్తూ నిలబడి, దానికి మళ్ళీ రబ్బరు రొయ్య కట్టి నావైపు తిరిగారు.

"భాబీ, మీరు పట్టుర్రి జర."

నేను వద్దనలేదు. ఎందుకు వద్దనలేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఇద్దరి మధ్య ఏదో ఒకటి జరగకపోతే ఆ పొద్దు అలాగే చెడిపోతుందని తోచి ఉంటుంది. భాయ్ విసిరి ఇచ్చారు, నేను పట్టుకున్నాను. దారం బిగువుగా దిగుతూ దిగుతూ ఒక్కసారి మెత్తబడింది, అంటే ఎర అడుగును తాకిందన్నమాట. నాకది తెలియక గాభరాగా గుంజాను. మళ్ళీ విసిరారు, మళ్ళీ గుంజాను. వెనక బండ మీద కూర్చున్న మా ఆయన చూస్తూ చూస్తూ ఉండబట్టలేకపోయారు.

"అట్ల గుంజకు. దారం సడలనియ్యి. కొస జరంత లేపి ఊకో. అది నీకాడికి రావాలె, నువ్వు దాని ఎంబడి పోవద్దు."

ఆ మాటలన్నీ భాయ్‌వి. ఎన్నేళ్ళుగానో మెట్ల దగ్గర ఆయన కొట్టిపారేస్తూ వచ్చిన మాటలు, ఒక్కటి పొల్లుపోకుండా ఆయన నోటినుంచే వచ్చాయి. ఆ సంగతి ఆయనకూ తోచినట్టుంది, మాట ఆపేశారు. భాయ్ మాత్రం విననట్టే తన ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ అటు తిరిగారు. ఆ అటు తిరగడంలో ఎంత మర్యాద ఉందో తలుచుకున్నప్పుడల్లా నాకు ఆయనంటే గౌరవం పెరుగుతుంది.

ఆ రోజు నాకు చేప పడలేదు. తరువాతి శుక్రవారం ఒక చిన్న హమూర్ పడింది. దారం చివర ఎవరో తలుపు తట్టినట్టు ఒక చిన్న తాకిడి, వెంటనే బరువు. మా ఆయన లేచి వచ్చి, నా చేతుల పక్కన తన ఎడమ చెయ్యి వేసి కర్ర పట్టుకుని పైకి తేవడానికి సాయం చేశారు. ఆపై వారం ఆయనే కర్ర అందుకున్నారు. నిదానంగా లేపడం, నిదానంగా చుట్టడం, ఊరుకోవడం. మొదట్లో ఆ ఊరుకోవడమే ఆయనకు కష్టంగా ఉండేది, పెదవి కొరుక్కునేవారు. పోనుపోను నీళ్ళలోకి చూస్తూ ఏవో మాటలు చెప్పడం మొదలుపెట్టారు. క్రేన్ పైనుంచి చూస్తే మనుషులు ఎలా కనబడతారో, గాలి పెరిగినప్పుడు పైన కూర్చునే గది ఎలా ఊగుతుందో. అన్నేళ్ళ కాపురంలో ఆయన తన పని గురించి నాతో చెప్పడం అదే మొదటిసారి. ఆ గాలం పనివల్ల మణికట్టుకు మేలు జరిగిందని నేనంటాను, ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

పరీక్ష రోజు వచ్చింది. చెయ్యి చాలావరకు తిరుగుతోంది గానీ క్రేన్ నడపడానికి చాలదన్నారు. కావాలంటే కింద నిలబడి క్రేన్ నడిపేవాడికి చేతులతో సైగలు చేసే పని ఇస్తామని, శనివారానికల్లా ఏ సంగతో చెప్పమని అన్నారు. ఆయన ఇంటికొచ్చి, ఇక సామాను సర్దుకుందాం, ఊరికి పోదాం అన్నారు. ఇంతకాలం పైన కూర్చున్నవాణ్ణి, నిన్నటిదాకా నాకు సైగ చేసినవాళ్ళ పక్కన నిలబడి చేతులు ఊపాలా అన్నారు. బాబు చదువు మధ్యలో ఉంది, నా బడి ఉంది. నేను ఆ రెండూ చెప్పాను, అంతకంటే ఎక్కువ చెప్పలేదు. చెబితే మొండికేస్తారని తెలుసు.

మరునాడు శుక్రవారం. ఇదే ఆఖరుసారి అన్నట్టు బండెక్కారు. మేము కట్ట మీదికి చేరేసరికి చలి తగ్గి ఎండ కాస్తోంది. కాసేపటికి దూరంగా నీళ్ళు ఉడుకుతున్నట్టు కనబడ్డాయి. చిన్నచేపలు గుంపుగా పైకెగురుతున్నాయి, వాటి కింద వెండి వీపులు తిరుగుతున్నాయి.

"కనద్ వచ్చినయ్ అన్నా," అన్నారు భాయ్. తన గాలానికి ఉన్న రబ్బరు రొయ్యను తానే విప్పేసి, మా ఆయన సంచీలోంచి వెండి రేకు తీసి కట్టి ఆయనకిచ్చారు. "ఇయ్యాల నీ పద్ధతే. నాది పనికి రాదు."

మా ఆయన ఎడమ చేత్తో విసిరారు. రేకు గుంపును దాటి పడింది. ఇప్పుడు గిరగిరా తిప్పాలి. నెమ్మదిగా వచ్చే రేకును కనద్ ఒకసారి చూసి మొహం తిప్పుకుని పోతుంది. ఆయన రీలు పిడి మీద చెయ్యి వేసి, తిప్పబోయి, నావైపు చూశారు.

"నువ్వు తిప్పు. కర్ర నేను పట్టుకుంట."

నేను చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఆయన పక్కన చేరాను. రెండు చేతులా కర్ర ఆయన పట్టుకున్నారు, పిడి నేను తిప్పాను. ఇంకా, ఇంకా అంటున్నారు ఆయన. ఒకరి మోచేయి ఒకరికి తగులుతోంది, నా చెప్పు ఒకటి రాళ్ళ సందులో పడిపోయింది. ఒక్కసారి కర్ర ధనుస్సులా వంగింది. ఆపు అన్నారు, ఆపాను. తిప్పు అన్నారు, తిప్పాను. చేప దారం లాక్కుపోయినప్పుడల్లా ఆయన నిలదొక్కుకునేవారు, వదిలినప్పుడల్లా నేను చుట్టేదాన్ని. భాయ్ నీళ్ళదాకా దిగి దాన్ని చేతుల్లోకి తీసుకున్నప్పుడు చూస్తే, మోచేతినుంచి వేళ్ళ కొసలదాకా ఉంది, అంతే. ఆ ఒడ్డున ఇతరులు పట్టినవాటి ముందు చిన్నదే. మా ఆయన బండ మీద కూలబడి, ఊపిరి అందక నవ్వుతూ ఉండిపోయారు.

తిరిగి వస్తుంటే హిద్ దాటాక ఆయన, "రేపు పోయి ఆ కింది పనే చేస్తనని చెప్త," అన్నారు, నాతోనో భాయ్‌తోనో తెలియకుండా. భాయ్ తల ఊపి గేరు మార్చారు. ఆ పనిలోనే ఆయన ఇంకా చాలా ఏళ్ళు ఉన్నారు. ఆయన సైగ చేస్తే ధైర్యంగా ఉంటుందని క్రేన్ మీది కుర్రవాళ్ళు చెప్పేవారట. ఆ రోజు మనసెందుకు మారిందని ఎప్పుడో ఊరికొచ్చాక అడిగాను. "ఆ చేప ఎవలు పట్టిన్రని ఎవలన్న అడిగిన్రా?" అన్నారు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. భాయ్ వాళ్ళు హైదరాబాదు టోలీచౌకిలో ఉన్నారు. ఒకప్పుడు గిన్నె పట్టుకుని మెట్లు దిగివచ్చే ఆపా ఇప్పుడు రోజూ పొద్దున ఫోనులో పూల బొమ్మ పంపుతుంది, నేనూ ఒక పూల బొమ్మ పంపుతాను. ఒకరి గొంతు ఒకరం విని నెలలైంది. పోయిన ఏడాది మా బంధువుల అబ్బాయి ఒకడు పనిమీద బహ్రెయిన్ వెళ్ళి, నేను అడిగానని హిద్ దాకా వెళ్ళి ఫోనులో చూపించాడు. మా రాళ్ళకట్ట కోసం చాలాసేపు వెతికాడు. సముద్రాన్ని ఇసుకతో పూడ్చి చాలా దూరం జరిపేశారట, మేము నిలబడ్డ చోటుకు ముందు ఇప్పుడు తారురోడ్డు, దాని మీద వరుసగా ఇళ్ళు. ఒక ఇంటి బాల్కనీలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. నేను వాణ్ణి ఇంకొంచెం అటు తిప్పు, ఇంకొంచెం అటు అని అడుగుతూనే ఉన్నాను. ఎటు తిప్పినా నీళ్ళు కనబడలేదు. ఎండ ఎక్కువగా ఉంది పెద్దమ్మా, ఇక పెట్టేస్తా అన్నాడు వాడు. ఫోను పక్కన పెట్టాను. అడుగున రాళ్ళ సందుల్లో, తమ ముందు ఏదైనా పడేదాకా ఓపికగా ఉండే ఆ హమూర్ చేపలు, ఇసుక పడుతున్నప్పుడు ఎటు పోయి ఉంటాయో.