చిటికెడు కొవ్వు

నారాయణపేటలో మాది మగ్గం నేసే ఇల్లు. మా బిడ్డ మల్లిక ఎనిమిదేళ్లప్పుడు మెట్ల మీది నుంచి పడితే మోకాలి దగ్గర ఎముక విరిగింది. విరిగింది అతికినా, ఏడాదిలో కాలు వంకర తిరగసాగింది.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరుగారు, "ఎముక ఎదిగే చోట అతుక్కుపోయి ఎదుగుదలకు అడ్డం పడిందమ్మా. ఆ అతుకును తొలిచి, మళ్లీ అతుక్కోకుండా ఆ సందులో ఒంట్లోంచి తీసిన కొవ్వు పెడతాం" అన్నారు.

"బిడ్డ బక్కగున్నది సారూ, నా కొవ్వు తీస్కోండ్రి" అన్నాను.

నర్సులు నవ్వారు. సిగ్గుతో తల దించుకున్నాను.

డాక్టరుగారు నవ్వలేదు. "పాపదే పెట్టాలమ్మా. చిటికెడు చాలు" అన్నారు.

మల్లిక నా చెయ్యి పట్టుకుంది. "గంత నాకున్నదే అమ్మా, ఫికర్ చెయ్యకు" అంది.

ఆపరేషన్ జరిగి మూడేళ్లయింది. కాలు చక్కగా ఎదుగుతోంది. మల్లిక ఎదిగి లంగా పొట్టిదైపోతే, అంచు మడత విప్పుతుంటే ఇప్పటికీ నా కళ్లు తడుస్తాయి.