చిన్నాయన రాసిన ఉపన్యాసం

అరవైల చివర తార్నాకలో మా చిన్నాయన ఇంట్లో ఉండి యూనివర్సిటీలో చదివేవాణ్ణి. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, యూనియన్ మనిషి. తిండీ పడకా ఉచితమే గాని, బదులుగా రోజూ అమెరికాను తిడుతుంటే వినాలి. రష్యాకు మాత్రం ఆ ఇంట్లో కొత్తల్లుడి మర్యాద. పల్లెత్తు మాట అనడానికి వీల్లేదు.

క్యాంపస్‌లో వక్తృత్వ పోటీ పెట్టారు: అమెరికా వియత్నాం నుంచి వెళ్లిపోవాలా, వద్దా? చిన్నాయనకు పండగే అయింది. ఉపన్యాసం తనే రాసి, డాబా మీద నిలబెట్టి నాచేత బట్టీ పట్టించాడు. 'పరాయి ఇంట్లోకి తుపాకీతో దూరినవాడు శాంతి పాఠాలు చెబితే ఎవరు నమ్ముతారు?' అన్నచోట చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"గీడ ఆగు. చప్పట్లు పడ్తయ్."

పడే ఏర్పాటు కూడా ఆయనే చేశాడు. పోటీనాడు ఒక పూట సెలవు పెట్టి, తోటి ఫిట్టర్లను వెంటేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను ఆగినప్పుడల్లా కొట్టాలని వాళ్లకు ముందే చెప్పిపెట్టాడట.

సరిగ్గా ఆ వారమే రష్యా ట్యాంకులు చెకోస్లొవేకియాలో దిగాయి. వియత్నాం గురించి విని విని చెవులు తూట్లు పడ్డాయంటూ మా లెక్చరర్ వక్తలను స్టేజీ వెనక్కి పిలిచి, అప్పటికప్పుడు అంశం మార్చేశారు. రష్యా వెళ్లిపోవాలా, వద్దా? చీటీ తీస్తే నాకు 'వెళ్లిపోవాలి' వచ్చింది. పైగా మొదటి వక్తను నేనే. హాల్లో కూర్చున్న చిన్నాయనకు ఇదేమీ తెలియదు.

నేను రష్యాను పొమ్మంటే ఆయన నన్ను పొమ్మంటాడు. ఊరికి పోతే చదువు అంతటితో సరి. నోరు మూసుకుని దిగిపోదామంటే ఎదురుగా ఆయనే.

నాకొచ్చిందేమో ఒక్కటే ఉపన్యాసం. అమెరికా ఉన్నచోటల్లా రష్యా అన్నాను, వియత్నాం ఉన్నచోటల్లా చెకోస్లొవేకియా. కంగారులో వరిపొలాలను మార్చడం మరిచిపోయాను. చెకోస్లొవేకియా రైతు మోకాలిలోతు బురదలో నాట్లు వేస్తుంటే రష్యా ట్యాంకులొచ్చాయనేసరికి హాలంతా గొల్లుమంది. తుపాకీ వాక్యం దగ్గర అలవాటుగా ఆగాను. ఫిట్టర్లందరూ దబదబా చప్పట్లు కొట్టారు. చిన్నాయన చేతులు మాత్రం గాల్లోనే ఆగిపోయాయి. ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

అడ్డదారిన పరుగెత్తి, ఇంటికి ముందే చేరి ట్రంకుపెట్టె సర్దుకున్నాను. కాసేపటికి చిన్నాయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"యూనియన్ల అందరు గదంత అమెరికోళ్ల అబద్ధమన్నరు. నిజంగనే ట్యాంకులు పోయినయా?"

"పోయినయ్ చిన్నాయనా."

చిన్నాయన లోపలికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. చెప్పులు విడవడం కూడా మరిచిపోయాడు.

"మనోళ్లయినా సరే, ఎల్లిపోవాలె" అన్నాడు చివరికి. "రాసింది నేనే గద."

అప్పుడు ఆయన చూపు పెట్టె మీద పడింది.

"ఏడికి?"

"ఊరికి."

"రష్యోళ్లను పొమ్మన్నవ్, సరే. నిన్నెవడు పొమ్మన్నడుర?"