సగం ముఖం

మా మేనత్తను తలచుకుంటే నాకు సగం ముఖమే గుర్తొస్తుంది. మిగతా సగం కొంగు.

గూళూరులో ఆమె పట్టుపురుగులు పెంచేది. ఆకు వేస్తూనే జబ్బుపడిన పురుగులను ఏరి దూరంగా పారేసేది. తనకు క్షయ అని తెలిసిన రోజు తననూ తాను అలాగే ఏరేసుకుంది. చాప, చెంబు తీసుకొని పురుగుల షెడ్డు వెనక పాకలో చేరింది. ఎవరు పలకరించినా కొంగుతో నోరు కప్పుకున్నాకే మాట్లాడేది.

మాత్రలు తెచ్చే ఆశా కార్యకర్త చెప్పి చూసింది.

"చెంబు ముట్టుకుంటే అంటేది కాదమ్మా ఇది. దగ్గితే గాలిలో వస్తాది. నోరు కప్పుకుంటాండావు, మాత్రలు మింగుతాండావు. కిటికీలు తెరిచిపెట్టుకొని ఇంట్లోనే పండుకో."

"జబ్బు పురుగును మంచివాటితో కలిపి పెట్టుకుంటామా అమ్మా?" అనేది అత్త.

ఆరు నెలలకు మాత్రలు అయిపోయాయి. పరీక్షలో జబ్బు లేదని తేలింది. "ఇంక ఎవురికీ అంటుకోదమ్మా, కొంగు తీసెయ్" అని ఆశా కార్యకర్త నా ఎదుటే చెప్పింది. అత్త నా వైపు చూస్తూ మెల్లగా కొంగు దించి నవ్వింది. నేను నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాను.

అత్త కొంగు మళ్ళీ పైకి లాక్కుంది.