ఇరవై ఎనిమిదో పిల్ల

వికారాబాద్‌లో నేనిప్పుడు పనిచేస్తున్న బడిలో, వంటగది వైపు నుంచి ఉడికిన గుడ్ల వాసన రాగానే నా చేయి ఫోన్ మీదికి పోతుంది. గుడ్డుకూ ఫోన్‌కూ ఏం సంబంధమని తోటి టీచర్లు నవ్వుతారు. ఆ సంబంధం కలిపింది తాండూరులో నా మొదటి బడి ప్రధానోపాధ్యాయురాలు సుగుణ మేడమ్. మధ్యాహ్నం గుడ్లు ఆమే పంచేవారు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి చేతిలో పెట్టేవారు.

అప్పుడు ఉద్యోగానికి కొత్త. రోజూ సాయంత్రం ఫోన్‌లో పాఠాలు సరదాగా చెప్పే ఉపాయాలు వెతుక్కునేదాన్ని. ఎక్కడో ఒక టీచరు నేలమీద అక్షరాలు రాసి, పిల్లల్ని గెంతిస్తూ మాటలు చదివించడం చూశాను. మా మూడో తరగతి గదిలోని నాపరాళ్లు ఆ ఆట కోసమే పరిచినట్టున్నాయి. బండకో అక్షరం రాశాను. పిల్లల సంతోషం చూసి, నేనూ వీడియో తీసి పెడదామనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మా క్లాసులోని శరణమ్మ వాళ్లు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. తెలుగు అక్షరం వెతుక్కుంటూ ఆ పిల్ల సగంలో ఆగిపోయేది. రెండుసార్లు వీడియో చెడింది. మూడోసారి ఆమె చేతికి చెంబిచ్చి నీళ్లు తెమ్మని పంపేశాను. వీడియో చక్కగా వచ్చింది. తెల్లవారేసరికి మెచ్చుకోళ్లు వచ్చిపడితే నా కాలు నేలమీద నిలవలేదు.

మేడమ్‌కు చూపించాను. ఆమె పెదాలు కదుపుతూ రెండుసార్లు చూశారు.

"నిన్న మీ క్లాసుకు ఇరవై ఎనిమిది గుడ్లు ఇచ్చిన బిడ్డా. ఇందుల ఇరవై ఏడుగురే ఉన్నరు."

శరణమ్మ నీళ్లకు పోయిందన్నాను.

"ఎవరు పంపిన్రు?"

నాకు తల కొట్టేసినట్టయింది. శరణమ్మ ఆ రోజు బడికి రాలేదు, మర్నాడూ రాలేదు.

మూడోరోజు మేడమ్ నన్ను వెంటబెట్టుకుని, రాళ్ల పాలిష్ మిషన్ల వెనకున్న వాళ్లింటికి నడిచారు. బడి మాన్పించి, చంటి తమ్ముణ్ణి చూసుకోమందామనుకుంటున్నానని వాళ్లమ్మ చెప్పింది. "నేనుంటే ఆట ఖరాబైతదని ఏడుస్తున్నది టీచరమ్మ" అంది. నాకూ ఏడుపు ఆగలేదు. శరణమ్మ పక్కన కూర్చుని, తప్పు నాదని చెప్పాను. ఆ పిల్ల నా మొహం చూడలేదు గానీ, మేడమ్ చీరకొంగు పట్టుకుని మాతో బయలుదేరింది. ఆ మధ్యాహ్నం మళ్లీ ఆట ఆడించాను. శరణమ్మ సగంలో ఆగింది. ఆమె కాలు కదిలేదాకా అందరం ఊరికే నిలబడ్డాం. ఫోన్ నా సంచిలోనే ఉంది.

వీడియో చెరిపేస్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు. "నెట్ల నుంచి తీసెయ్యి. నీ ఫోన్ల మాత్రం ఉండనియ్యి. యాదికుండాలె" అన్నారు.

మేడమ్ రిటైరై కోట్‌పల్లిలో ఉంటున్నారు. నేనింకా ఉపాయాలు వెతుకుతూనే ఉన్నాను, మంచివి చాలా దొరుకుతాయి కూడా. కానీ ఎవరి వీడియో చూసినా, ఈ గదిలోంచి ఎవరిని బయటికి పంపి ఉంటారోనని ఒక్క క్షణం ఆలోచిస్తాను. మూడు ఫోన్లు మారినా ఆ పాత వీడియో నాతోనే వస్తోంది; గుడ్ల వాసనకు నా చేయి పోయేది దాని కోసమే. శరణమ్మ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నా ఫోన్‌లో మాత్రం నీళ్లకు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు.