చివరి చెంచా నీళ్లు

మా కాలేజీ సైకాలజీ క్లాసులో జ్ఞాపకం గురించి పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు మీద మూడు గదులు గీస్తాను. కంటికీ చెవికీ తగిలింది క్షణంపాటు నిలిచే గది ఒకటి, ఫోన్ నంబర్‌ను డయల్ చేసేదాకా పట్టుకుని ఉండే గది ఇంకొకటి, ఏళ్ల తరబడి దాచుకునేది మూడోది. పిల్లలకు ఈ బొమ్మంటే ప్రాణం. బాణాలు సరిగ్గా వేస్తే మార్కులు పడతాయి మరి. ఆ తర్వాత నేనే దాన్ని చెడగొడతాను. మూడో గది ఇనప్పెట్టె కాదు, గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని మళ్లీ తయారు చేసుకుంటాం అంటాను. చీరను బయటికి తీసి మళ్లీ మడిచినట్టు. మడత పాతచోటే పడాలని లేదు. చాలా ఏళ్లు ఈ మాట హుషారుగా చెప్పాను. తమ్ముడు పోయాక అక్కడికి వచ్చేసరికి బోర్డు వైపు తిరిగి గీసింది తుడిచేస్తున్నాను.

తమ్ముడు తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు. అమ్మ, నేను, వాడు అక్కడే ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. కామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేరాడు. ఆ మధ్యాహ్నం, కొబ్బరినీళ్లు పట్టొచ్చని డాక్టరు అంటే అమ్మ కిందికి వెళ్లింది. గదిలో నేనొక్కదాన్నే. "అక్కా, నీళ్లు" అన్నాడు. మెడ కింద చెయ్యి పెట్టి లేపి చెంచాతో పోశాను. "చల్లగున్నయక్కా" అన్నాడు. ఇంకో చెంచా పోస్తే నీళ్లు పెదవి చివర నుంచి కారి నా అరచేతిలోకి వచ్చాయి. అమ్మ కొబ్బరినీళ్లు పట్టుకుని పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది. తల బాదుకుంటున్న ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

మావాళ్లలో ఒక ఆచారం ఉంది. చావింటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అంతా మొదటినుంచీ చెప్పాలి. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని "ఎట్లయింది వదినా?" అంటారు. చెప్పకపోతే తప్పు, సగం చెప్తే అనుమానం. ఒక గుంపు లేవకముందే సీతాఫల్‌మండి నుంచి ఇంకో గుంపు దిగేది. మళ్లీ కామెర్ల దగ్గర నుంచి మొదలు. ఆఖరున అందరూ అడిగేది ఒక్కటే: "చివరి నీళ్లు ఎవరు పోసిన్రు?" ఆ నోళ్లు కుట్టెయ్యాలనిపించేది. కన్నతల్లి చేతి నీళ్లు దక్కలేదని తెలిసి వాళ్లు పెదవి విరిచిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదట్లో అమ్మ ఉన్నదున్నట్టే చెప్పింది. "నేను గాడ లేను. బిడ్డ పోసింది." కొన్నాళ్లకు "నేను ఉరికొచ్చిన. గప్పటికి కండ్లు తెరిచే ఉన్నడు" అంది. దినాలు కూడా అయిపోయాక, "నా చేతుల మీదనే తాగిండు. చల్లగున్నయమ్మా అన్నడు" అంది. మా అమ్మ అబద్ధమాడే మనిషి కాదు. ఎవరు చెప్పారన్నది జారిపోయి, విన్నది చూసినట్టే మిగిలిపోవడం నా పాఠంలోనే ఉంది. అప్పుడే పెద్దమ్మ నా వైపు తిరిగి "నిజమేనా బిడ్డా?" అని అడిగింది. అమ్మ కూడా నన్ను చూసింది. ఆ చూపులో బెదురు లేదు, నేను ఔనంటానన్న ధీమా ఉంది.

"అవును పెద్దమ్మా" అన్నాను. వాడు చివరిసారి మాట్లాడింది నాతో. నాకు మిగిలింది అదొక్కటే, అదెటూ నా దగ్గరే ఉంటుంది, పైకి ఒక మాట అమ్మకు ఇచ్చేస్తే నాకు తరిగేదేముంది అనుకున్నాను. పాఠాలు చెప్పేదాన్నే, ఆపాటి తెలివి లేకపోయింది.

ఏడాది పొడుగునా ఆ కథ వింటూ తలూపాను. ఒకరోజు క్లాసు ముగించుకుని, క్యాంపస్ చెట్ల కింద బస్‌స్టాపు వైపు నడుస్తూ తమ్ముణ్ని తలుచుకున్నాను. మంచం కనబడింది. చెంచా కనబడింది. చెంచా పట్టుకున్న చేతి మీద అమ్మ పచ్చబొట్టు ఉంది. ఆగి, కళ్లు మూసుకుని మళ్లీ మొదటినుంచి తలుచుకున్నాను. మళ్లీ అదే పచ్చబొట్టు. అది నా చెయ్యి అని నాకు తెలుసు. తెలియడం వేరు, కనబడటం వేరు. వాడి గొంతు కూడా "అమ్మా" అనే అంటోంది. ఆ గదిలో ఉన్నది వాడూ నేనూ ఇద్దరమే, వాడిప్పుడు లేడు. ఇంకెవర్ని అడగను? బస్‌స్టాపులో నిలబడి, ఎవరు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాను.

ఏడాది మాసికానికి చుట్టాలొచ్చారు. అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. నీళ్లదాకా వచ్చి ఆగి, నన్ను చూసింది.

"గప్పుడు నువ్వు ఏడున్నవు బిడ్డా? నాకు యాదికొస్తలేదు."

"నేను కొబ్బరినీళ్లకు కిందికి పోయిన కదమ్మా" అన్నాను.

"అవు, గదే" అని అమ్మ చెప్పుకుంటూ పోయింది. నేనన్నది అబద్ధమే. కానీ అంటుండగానే బండివాడు కత్తి ఎత్తడం, బోండం పైచెక్క ఎగిరి రోడ్డు మీద పడటం కళ్లకు కట్టినట్టు కనబడ్డాయి. కొబ్బరినీళ్లు పట్టుకుని నేను పైకి వెళ్లేసరికి అంతా అయిపోయింది.