పిల్లికూతలు ఆగిన ఉదయం

1944. యుద్ధం ఇంకా ముగియలేదు. బెంగళూరు పేటలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో నేను నర్సుని. పొద్దున వార్డు పని అయ్యాక, కాన్పు జరిగి ఇళ్లకు వెళ్లిన తల్లులను చూసి రావాలి. దాన్ని హోమ్ విజిట్ అనేవాళ్లం. తల్లికి జ్వరం ఉందా, బిడ్డకు బొడ్డు ఆరిందా చూడడం, తిట్టవలసిన వాళ్లను తిట్టడం. ఈ రెండోది ఎవరూ చెప్పిన పని కాదు. నాకు నోటి దురుసు ఎక్కువని పేటంతా పేరు.

అలా నేను చూడవలసిన బాలింతల్లో కమల ఒకతె. బెంగళూరు పక్కనున్న ఆనేకల్ ఊరి పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. అందుకని తొలికాన్పు అత్తగారింట్లోనే అయింది. వాళ్లు గాజులు అమ్ముకునే తెలుగువాళ్లు, తరాలుగా పేటలోనే ఉన్నారు. కమలకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆస్తమా, అంటే మనం ఉబ్బసం అనేది. లోపల ఊపిరి గొట్టాలు వాచి ఇరుకైపోతాయి. ఆ ఇరుకులోంచి గాలి పోయేటప్పుడు వచ్చే ఈలను డాక్టర్లు వీజింగ్ అంటారు, ఇళ్లల్లో పిల్లికూతలు అంటారు.

నేను మొదటిసారి వెళ్లేసరికి కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. మంచం కింద కుంపట్లో సాంబ్రాణి. పొగలో మనిషి ముఖం కనబడితే ఒట్టు!

“ఏమమ్మా, ఇది బాలింత గదేనా, ఇటుకల బట్టీనా?” అన్నాను.

అత్త రంగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. “నేను నలుగురిని కనింది ఈ పొగలోనే నర్సమ్మా. బయట మంచు కురస్తా ఉండాది. బాలింతకు చలి తగిలితే నువ్వొచ్చి కాస్తావా?”

“నీ రొమ్ము వేరు, ఈ పిల్ల రొమ్ము వేరు. నీకు మేలు చేసిన పొగే దీని గొంతు పిసుకుతుంది. తీసెయ్ ముందు.”

కమల నా చెయ్యి పట్టుకుంది. “అక్కా... పొగ వద్దంటే... అత్తకు... బాధ...” మాటకొకసారి ఆగి గాలి పీల్చుకుంటోంది. దగ్గు, తెల్లవారుజామున ఎక్కువయ్యే ఆయాసం, పడుకోలేక లేచి కూర్చోవడం, ఇవన్నీ ఉబ్బసం గుర్తులే. అయినా ఈ మాట తెగడం చూస్తేనే నాకు ఎక్కువ భయం.

రంగమ్మ గొణుక్కుంటూనే కుంపటి బయట పెట్టింది. మొండిదే గానీ కోడలంటే ప్రాణం. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా కిటికీ తెరిచే ఉండేది. రాత్రిళ్లు రంగమ్మ ఆ గది గడప దగ్గర చాప వేసుకుని చెవి కోడలి వైపే పెట్టి పడుకునేది. “ఈ పొద్దు కూతలు తక్కువుండాయి నర్సమ్మా” అని గుమ్మంలోనే చెప్పేది. ఆ ఇంట్లో జబ్బుకు కొలత ఆ శబ్దమే.

బారసాల నాటి పొద్దున వెళ్లాను. గుమ్మానికి తోరణం, లోపల చుట్టాలు. రంగమ్మ పాయసం గిన్నెతో ఎదురొచ్చింది.

“తిట్టొద్దమ్మా. తలకు పోసినాము. వెంట్రుకలు తడి ఆరలేదని పిడికెడంత సాంబ్రాణి వేసినా. కూతలు శానా వచ్చినాయి. ఇప్పుడు నిలిచిపోయినాయి! సుమ్మనే, కదలకుండా కూర్చోనుండాది నా తల్లి. కునుకు తీస్తా ఉండాదేమో, ఎవురూ పలకరించొద్దని చెప్పినా.”

ఆమెను పక్కకు తోసి లోపలికి పోయాను.

కొత్త చీరలో కమల రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, ముందుకు వంగి కూర్చుంది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. అంత చలిలో నుదుటి మీద చెమట. పెదవులు నీలం. నన్ను చూసి నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. కడుపులో బిడ్డ గుండె వినడానికి మేము వాడే చెక్క గొట్టం సంచిలో ఉంటే ఆమె వీపున ఆనించి విన్నాను. దాదాపు ఏమీ వినబడలేదు.

సైలెంట్ చెస్ట్ అంటారు దీన్ని. ఊపిరి గొట్టాలు పూర్తిగా మూసుకుపోయే స్థితికి వస్తే ఈల కూడా పలకదు. ఊదే గాలి లేనప్పుడు బూర మోగదు గదా. జబ్బు తగ్గినప్పుడూ కూత ఆగుతుంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడూ ఆగుతుంది.

కమల భర్త జట్కాలో వెళ్లి మా ఆసుపత్రి డాక్టరమ్మను తెచ్చాడు. ఆమె అడ్రినలిన్ ఇచ్చింది, గొట్టాలను తెరిపించే ఇంజెక్షను. అప్పటికి కమల తల నా భుజం మీదికి వాలిపోయింది. ఎంత చేసినా తిరిగి రాలేదు. ఉయ్యాలలో పిల్లకు ఇంకా పేరు పెట్టలేదు.

“శబ్దం లేదు గదమ్మా... నిమ్మళించిందనుకుంటి...” అని రంగమ్మ నేల మీద కూలబడింది. అందరినీ తిట్టే నేను ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను.

కర్మలన్నీ అయ్యాక రంగమ్మ ఆసుపత్రికి వచ్చింది. “ఎట్ల తెలుసుకోవల్లమ్మా?” అని అడిగింది. ఆమె తప్పును ఎత్తిపొడవడానికి నాకు మనసు రాలేదు. “చెవితో విని ఊరుకోవద్దు. మాట్లాడించి చూడాలి. ఒక్క ఊపిరిలో, ఎక్కడా ఆగకుండా నాలుగైదు మాటలు చెప్పగలిగితే గాలి ఆడుతున్నట్టు. చెప్పలేకపోతే కూతలున్నా లేకున్నా జట్కా పిలవాలి” అన్నాను. ఆ తర్వాత నేను అడుగుపెట్టిన ప్రతి ఉబ్బసం ఇంట్లోనూ ఈ మాట చెప్పాను.

స్వాతంత్ర్యం వచ్చాక ఒక చలికాలంలో రంగమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. తల్లి పేరే పెట్టారు. తల్లి జబ్బే వచ్చింది. మాది కాన్పుల ఆసుపత్రి అన్నా వినలేదు. డాక్టరమ్మ ఇంజెక్షను ఇచ్చింది. కాసేపటికి కూతలు తగ్గి, పిల్ల అవ్వ ఒడిలో కళ్లు మూసుకుంది.

గది నిశ్శబ్దమయ్యేసరికి రంగమ్మ ముఖం పాలిపోయింది. పిల్లను కుదిపి లేపింది. “మాట్లాడే కమలా! ఒక్క మాట చెప్పే!”

పిల్ల విసుక్కుంది. “నిద్రొస్తా ఉండాది, నన్ను ఇడిసిపెట్టి అట్ల పోవే అవ్వా!”

రంగమ్మ నా వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు.

“ఒకే ఊపిరిలో తిట్టింది నర్సమ్మా. ఇన్నావా? యాడా ఆగలేదు.”