పై సగం మెట్లు

గుట్ట మీదికి కారు రోడ్డు పడ్డదని తెలిసిన నాటి నుంచి నాకు ఆ రోడ్డంటే మంట. చెట్లు కొట్టి, బండలు పేల్చి, దేవుని గుమ్మం దాకా తారు పోసిండ్రు. గుట్ట కింది గూడేనికి మాత్రం వానకాలం వస్తే అంబులెన్సు రాదు. మనిషిని మంచం మీద మోసుకొచ్చుడే. ఈ మాట నేను కారెక్కిన కాడి నుంచి అంటనే ఉన్న. ఖానాపురం హవేలిల మా కొడుకు ఇంటి ముందు మొదలుపెట్టి, పాల్వంచ దాటి అడవి వచ్చేదాకా అన్న.

"నాయినా, ఆ రోడ్డు నేనేం ఏపియ్యలే. కారు నడుపుతున్న, అంతే," అన్నడు కొడుకు.

"మామయ్యా, ముందు టిఫిన్ తినుండ్రి," అని కోడలు వెనక నుంచి ఇడ్లీ పొట్లం అందించింది. నోరు మూయిద్దామని. తిన్న. తిన్నంక మళ్ళ మొదలుపెట్టిన.

వెనక సీట్ల కోడలికీ మనుమరాలికీ నడుమ మా ఇంటామె కూసున్నది. ఒళ్ళో స్టీలు డబ్బా. దాని మూత మీది నుంచి చెయ్యి తియ్యలేదు. అందుల ఏమున్నది నాయనమ్మా, లడ్డూలా అని మనుమరాలు రెండు మార్లు అడిగింది. మొదటిసారి "పసుపు" అన్నది. రెండోసారి డబ్బాను ఇంకింత దగ్గరికి జరుపుకున్నది. ఆ పసుపు ఎందుకో ఆమె కాక కార్ల నాకొక్కనికే తెలుసు.

మేం మణుగూరు కాలనీల ఉన్నప్పటి సంగతి. నేను బొగ్గుబావిల పని చేసేటోణ్ణి. ఇప్పుడు కారు నడుపుతున్న ఈ కొడుకుకు అప్పుడు నాలుగేండ్లు. చలిజ్వరం వచ్చి ఎన్నిరోజులకూ దిగలేదు. దవాఖానాల సూదుల మీద సూదులు. అప్పుడు ఈమె గుట్ట మీది నరసింహస్వామికి మొక్కింది: పిలగాడు లేచి తిరిగితే నీ మెట్లన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడత, అది అయినంకనే నీ మొఖం చూస్త, అని. జ్వరం దిగింది. సూదితోనే దిగిందని నేను అప్పుడన్న, ఇప్పుడూ అంట. నేను బడికి పోయినోణ్ణి కాదు. బావి కాడ దీపాలిచ్చే గది గోడకు తగిలించిన హెచ్చరిక బోర్డుల మీద అక్షరాలు నేర్చిన, బజ్జీల పొట్లాల కాగితాల మీద చదువుడు నేర్చిన. ఎవరూ పెట్టకుండ సంపాదించుకున్న తెలివాయె, దాన్ని ఎవరి ముందటా తగ్గించుకునేటోణ్ణి కాదు. పెండ్లాం ముందట అసలే కాదు.

అయినా తీసుకపోయిన. ఆ రోజు నాకు సెకండ్ షిఫ్టు. పొద్దుగాల బస్సుకు పోయి, పదకొండు గంటల బస్సుకు మళ్ళి రావాలె. అప్పుడు రాతి మెట్లు తప్ప వేరే దారి లేదు. ఆమె ఒక్కొక్క మెట్టు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టుకుంట ఎక్కుతున్నది. నేను పిలగాణ్ణి భుజాన వేసుకొని వెనకనే ఉన్న. సగం మెట్ల కాడ పక్కకు పెద్ద బండ ఉంటది. దాని పగుల్లోంచి తెల్లటి బెరడు తపసి చెట్టు మొలిచి ఉంటది. అక్కడికి వచ్చేసరికి కింద బస్సు హారన్ వినబడ్డది.

"లే, పోదాం. మస్టర్ పోతది," అన్న. మస్టర్ అంటే ఆ రోజు హాజరు. బావిల మాకు దాని కంటే పెద్ద దేవుడు లేడు.

"ఇంకా సగం ఉన్నయి గద."

"మళ్ళొచ్చినప్పుడు పెడుదువు తియ్. నీ దేవుడు గుట్ట దిగి ఏడికన్న పోతడా?"

నా దిక్కు ఒకసారి చూసి, చేతి పసుపు కొంగుకు తుడుచుకొని లేచింది.

ఆ మళ్ళొచ్చుడు ఇన్నేండ్లకు గాని కాలేదు. కానుపులు, షిఫ్టులు, నా రిటైర్మెంటు, ఆఖరికి ఆమె మోకాళ్ళు. భద్రాచలం పోయేటప్పుడు గుట్ట కింది నుంచే పోయేది బస్సు. కిటికీల నుంచి ఒకసారి గుట్ట దిక్కు చూసి తల తిప్పుకునేది. దండం పెట్టేది కాదు. నన్ను తిట్టినా బాగుండు.

కొడుకుకు ఇవేవీ తెలవదు. అమ్మకు మెట్లెక్కుడు చాతకాదు, కారు పైదాకా పోతది, ఒక్కరోజుల పోయి రావొచ్చు అని తెచ్చిండు. వాని తప్పేం లేదు.

పైన కారు దిగినం. కొడుకు టికెట్ల లైన్ల నిలబడ్డడు. ఈమె లైను దిక్కు పోలేదు. డబ్బా సంకన పెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని, మెట్ల దారి వచ్చి పైన కలిసే కాడికి నడిచింది. అన్నిటికంటే పై మెట్టు మీద కూసున్నది. కూసున్నట్టే ఒక మెట్టు కిందికి జరిగింది. పక్కకు తిరిగి, వదిలిన మెట్టుకు పసుపు రాసింది. వంగే పని లేదు. అది సరిగ్గా మోచేతి ఎత్తుల ఉన్నది.

అప్పుడు తెలిసింది నాకు. మిగిలింది పై సగమే. కారు పైకే పోతది. ఎక్కలేని మనిషి కూసొని దిగొచ్చు. ఎన్ని రోజులు పండుకొని ఆలోచించిందో.

కొడుకు ఉరికొచ్చిండు. "అమ్మా, ఏందిది? జల్దీ లే, పన్నెండున్నరకు గుడి మూస్తరట."

"మూస్తే మూయనీ. ఇవి కాకుండ నేను లోపలికి రాను."

అక్కడ ఊడుస్తున్న గుడి మనిషి చీపురు ఆపి, "మెట్ల పూజ ఎక్కుకుంట చెయ్యాలె పెద్దమ్మా. దిగుకుంట చేస్తే ఫలం రాదు," అన్నడు.

ఆమె చెయ్యి ఆగింది. నా దిక్కు చూసింది. ఆ చూపు నేను ఎరుగుదు. తపసి చెట్టు కింద చూసిందే.

"ఎవరు చెప్పిండ్రు? ఏ పుస్తకంల ఉన్నది? తే, చదువుత!" అన్న. "కార్ల కూసొని గుమ్మం దాకా వస్తే ఫలం వస్తది గని, ముసల్ది కూసొని దిగితే రాదా? ఎక్కుకుంట చేస్తుంటే ఆపినోణ్ణి నేను. పోతే నా ఫలం పోవాలె. ఆమెది ఎందుకు పోతది?"

లైన్లో ఉన్నోళ్ళు తిరిగి చూసినంక గాని నేను అరుస్తున్నట్టు నాకు తెలవలేదు. మొక్కులను ఎగతాళి చేసిన నోరే అది.

"నాకెందుకు పెద్దాయనా, అందరంటరు, నేనూ అన్న," అని ఆ మనిషి నాలుగు మెట్లు ముందుకు దిగి ఊడ్చుడు మొదలుపెట్టిండు.

"ఎవరు ఆపిండ్రు నాయినా? ఏంది సంగతి?" అన్నడు కొడుకు.

నిలబడే చెప్పిన. నీ జ్వరం, ఆమె మొక్కు, నా బస్సు. విని, చేతిల ఉన్న టికెట్ల దిక్కు చూసి, వాటిని జేబుల పెట్టుకున్నడు. ప్యాంటు మడిచి, "నీళ్ళు నేను పోస్త," అని బాటిల్ మూత తీసిండు. మా వెనకనే వచ్చిన మనుమరాలు డబ్బాల ఉన్న కుంకుమ పొట్లం అందుకున్నది. "అత్తమ్మా, కారు నేను కిందికి తెస్త. అట్నుంచి అటే వచ్చెయ్యుండ్రి, మళ్ళ పైకి తీసుకొస్త," అని కోడలు తాళం తీసుకపోయింది.

పాత రాళ్ళ మీద ఇప్పుడు నున్నటి గ్రానైటు పరిచిండ్రు. మెట్టు మెట్టుకూ దాత పేరు. అక్షరం కండ్లబడితే చదవకుండ ఉండలేను, అన్నీ చదువుకుంట దిగిన. అడుగున ఉన్న రాళ్ళను నెత్తుల మీద మోసింది గూడెపోళ్ళు. వాళ్ళ పేరు ఒక్కటన్న ఉన్నదా అని చూసిన. లేదు.

"చూడే, వీళ్ళందరికీ పసుపు రాస్తున్నవ్," అన్న.

"నేను రాయికి రాస్తున్న. పేర్లు నువ్వు చదువుకో," అన్నది తలెత్తకుండనే.

రెండు మార్లు ఆగి నీళ్ళు తాగింది. చీరె వెనక దిక్కంతా దుమ్ము. పైన గుడి తలుపులు మూసిన చప్పుడైంది. నేను ఆగి పైకి చూసిన. "సాయంత్రం తెరువరా?" అన్నది ఆమె, ఇంకో మెట్టు దిగి.

బండ ఎక్కడిదక్కడే ఉన్నది. తపసి చెట్టు లావైంది, పగులు ఇంకింత వెడల్పైంది. ఇంకొక్క మెట్టు ఉన్నదనంగ ఆమె డబ్బా నా ముందట పెట్టింది.

"ఇది నువ్వు రాయి."

"నాకు గివన్ని నమ్మకం లేదని తెల్వదా నీకు?"

"నమ్ముమన్ననా? రాయమన్న. ఆపింది నువ్వే గద."

కూసున్న. నా మోకాళ్ళూ ఏమంత మంచిగ లేవు. కొడుకు నీళ్ళు పోసిండు. ఈ మూల నుంచి ఆ మూల దాకా రాసిన, మధ్యల ఎవరిదో పేరు ఉంటే దాని మీది నుంచి కూడ. మణికట్టు మీద బొగ్గుపెళ్ళ కోసిన నీలిమచ్చ ఉంటది నాకు, ఎన్నేండ్లయినా పోలేదు. పసుపు దాని దాకా అంటింది. మనుమరాలు బొట్టు పెట్టింది.

కింద కోడలు హారన్ కొట్టింది.

"పో," అన్నది మా ఇంటామె, చేతులు దులుపుకొని. "మస్టర్ పోతది."

"పోతే పోనీ," అని ఆమె పక్కననే కూసున్న.